పలుగురాయి పొడి వెంట

ధర్మవరం వెళ్తున్నానంటే మా వీధిలో అందరూ పట్టుచీర కోసమే అనుకున్నారు. ఇద్దరు ముగ్గురు రంగులు కూడా చెప్పి పంపారు. నేను వెళ్ళింది ఇటుకల కోసం.

మాది పర్చూరు వైపు. నల్లరేగడి నేల. ఎండాకాలంలో నెర్రెలిస్తుంది, వానలు పడితే ఉబ్బుతుంది. దాని మీద కట్టిన గోడ ఎంత బరువుగా ఉంటే అంత తొందరగా పగులుతుంది. మా ఊరి హైస్కూల్లో రెండు గదులు అలాగే పగిలితే, పిల్లల మీద పడతాయన్న భయంతో కూల్చేశారు. అప్పటినుంచి రెండు తరగతులు వరండాలోనే. నేను పాలిటెక్నిక్‌లో కట్టడాల పాఠాలు చెబుతానని స్కూలు కమిటీ వాళ్ళు మా ఇంటికి వచ్చారు. హిందూపురంలో ఎవరో రాయిమిల్లులు పారబోసిన పొడితో, బాయిలర్ బూడిదతో తేలిక ఇటుకలు చేస్తున్నారట, నీళ్ళలో వేస్తే తేలతాయట, మీరొకసారి చూసి రండి అన్నారు. సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకి రాని రోజులు. ఆషాఢంలో సెలవు పెట్టి ఒక్కదాన్నే బయల్దేరాను.

ధర్మవరం: మిద్దె మీది మగ్గాలు

ఆ ఇటుకలతో కట్టిన గోడలు ముందు చూడాలనుకున్నాను. అవి ధర్మవరంలో ఉన్నాయని తెలిసింది. రైలు దిగి బయటికి రాగానే ఉగ్గాని తిన్నాను. మనం మరమరాలనే వాటిని అక్కడ బొరుగులంటారు. వాటిని నీళ్ళలో తడిపి, పిండి, పోపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ. టీతో కలిపినా మా ఊళ్ళో ఒక దోసె ధర కాలేదు. కారం తినడంలో గుంటూరు వాళ్ళని మించినవాళ్ళు లేరని నేను నమ్ముతూ వచ్చాను. ఆ బజ్జీ కొరికాక కళ్ళవెంట నీళ్ళు కారాయి. హోటలాయన నవ్వి గ్లాసెడు నీళ్ళిచ్చాడు. "తాగినంత తాగమ్మా, మిగిలింది పారబోయొద్దు. ఈ బకెట్లో పోయి" అన్నాడు. మా వైపు కాలవ నీళ్ళతో వాకిళ్ళు కడుగుతాం. ఆ మాట నాకు వింతగా అనిపించింది.

నేతవాళ్ళ వీధిలో లక్ష్మీదేవి అనే ఆమె ఇల్లు చూపించారు. కింద పాతకాలపు మట్టిగోడలు, గుంటలో రెండు మగ్గాలు. పైన ఇంకో రెండు మగ్గాలకు గది కడదామంటే, మామూలు ఇటుకల బరువుకు కింది గోడలు కూర్చుంటాయని మేస్త్రీలు ఒప్పుకోలేదట. చివరికి ఈ తేలిక ఇటుకలతో కట్టుకున్నారు. మిద్దె మీదికి వెళ్తే ఎండ మాడ్చేస్తున్నా గదిలో చల్లగా ఉంది.

"పట్టుకు వేడి పడదు మేడం. దారం ఊరికే తెగుతాది. ఈ గదిలో అంత తెగేది లేదు" అంది లక్ష్మీదేవి, దారం పట్టే ఆసు తిప్పడం ఆపకుండానే.

మూలన మిగిలిపోయిన ఇటుకలు రెండున్నాయి. ఒకటి ఎత్తి చూడబోతే జారి నా కాలి మీద పడింది. అబ్బా అని గట్టిగా అరిచాను. అరిచాక చూసుకుంటే నొప్పేమీ లేదు. మగ్గం మీదున్న ఇద్దరు ఆడవాళ్ళూ పలకలు తొక్కడం ఆపి మరీ నవ్వారు.

"మేకు కొడితే నిలబడదు. బయట గార ఊడిన కాడ నీళ్ళు పీలుస్తాది" అని లోపాలు కూడా తనే చెప్పింది. "వాన పడితే కదా, ఆ బాధ" అని మళ్ళీ తనే నవ్వింది. పొడి పెనుకొండ పక్క పల్లె నుంచి వస్తుందని, దాన్ని చూడాలనుంటే దారిలోనే దిగమని చెప్పింది.

ఆ రాత్రి లాడ్జిలో మా స్కూలు గదుల కొలతలు గుర్తుచేసుకుంటూ, ఎన్ని ఇటుకలు పడతాయో లెక్కలు వేసుకుంటూ హుషారుగానే నిద్రపోయాను.

పెనుకొండ వెనక పల్లె

పెనుకొండలో బస్సు దిగితే అందరూ కోట చూడమనే చెప్పారు. కోట వైపు పోకుండా ఆటో ఎక్కి పల్లెకు పోతుంటే డ్రైవరు నన్ను అనుమానంగా చూశాడు. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. ఆ ఊరి పిల్లను చేసుకోవడానికి ఇప్పటికే పక్క ఊళ్ళవాళ్ళు జంకుతున్నారట.

దూరం నుంచే కుప్ప కనిపించింది. మా చినగంజాం ఉప్పు కుప్పల్లాగా తెల్లగా, ఇళ్ళకన్నా ఎత్తుగా ఉంది. పలుగురాయిని పిండిలాగా కొట్టే మిల్లు ఒకటి అక్కడ ఏళ్ళ తరబడి నడిచింది. గాజుకూ పింగాణీకీ కావలసిన మంచి పొడి ఎక్కడెక్కడికో పోయేది. పనికిరాదనుకున్నది ఊరి వెనక పోశారు. ఆషాఢం గాలికి ఆ కుప్ప కొన నుంచి పొడి పొగలాగా లేచి, నేరుగా ఇళ్ళ మీదికి వస్తోంది. ప్రతి ఇంటి కిటికీకీ పాతచీరల గుడ్డలు కుక్కి ఉన్నాయి.

పొడిని చేతిలోకి తీసుకుని నలిపి చూస్తుంటే వెనకనుంచి ఒకామె పిలిచింది.

"యాడనుంచమ్మా?"

"పర్చూరు నుంచండీ. గుంటూరు అవతల."

"అంత దూరం నుంచి ఈ పొడి సూసేకి వచ్చినావా? గాలి వస్తాంటే ఆడ నిలబడొద్దు. లోపలికి రా."

ఆమె పేరు రామక్క. యాభై దాటి ఉంటాయి. కుప్పకు ఆనుకుని ఉన్న మొదటి ఇల్లు ఆమెదే. వద్దన్నా వినకుండా రాగి సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరిబిండి పెట్టింది. మేం వేరుశనగ పచ్చడి అంటాం కానీ, ఇంత రుచిగా ఎప్పుడూ చేయలేదు. రెండో ముద్దకు పంటికింద కరకరమంది. నేను ఆగడం చూసి, "ఈడ తిండంతా ఇట్లనే ఉంటాదమ్మా. మూత పెట్టినా పడతాది" అంది.

ఇంట్లో ఆమె ఒక్కతే. భర్త ఆ మిల్లులో పనిచేసి చనిపోయాడు.

"రాయి పొడి కొట్టేకాడ పని. సాయంత్రం ఇంటికొస్తే మనిషి కనపడేవాడు కాదు, కండ్లు మాత్రం కనపడేవి. సున్నం కొట్టిన గోడ మాదిరి ఉండావని నేనూ నా బిడ్డా నవ్వుతాంటిమి. అన్నేండ్లు నవ్వినాము. తర్వాత దగ్గు పట్టుకునె. టీబీ అనిరి. మాత్రలు మింగె. మళ్ళ మింగె. మనిషి ఎండిపోతాండాడే గానీ దగ్గు పోలేదు. అనంతపురంలో ఒక డాక్టరమ్మ మాత్రం, ఇది టీబీ కాదమ్మా, రాయి పొడి ఊపిరితిత్తుల్లో కూర్చోనుండాది, అది ఇంగ బయటికి రాదు అనె. కడాకు పండుకోలేక పాయె. పండుకుంటే ఊపిరాడదు. ఈ గోడకు ఆనుకోని కూర్చోనే పానం పోయె."

ఆమె చూపించిన గోడ మీద, మనిషి వీపు ఆనిన చోట సున్నం నున్నగా అరిగి ఉంది. ఆ వీధిలో ఇంకా ఇలాంటి ఇళ్ళు ఉన్నాయని చెప్పింది. ఎన్నని నేను అడగలేదు. మిల్లు మూతపడింది. యజమాని ఎటో వెళ్ళిపోయాడు.

"కుప్ప మాత్రం మాకిడిసిపాయె. హిందూపురం నుంచి బాబ్జాను లారీ వచ్చినప్పుడంతా నాకు సంతోషం. ఎత్తుకోని పోనీ. ఎవురింటి గోడలైనా కానీ."

ఆ ఇటుకలు చేసే బాబ్జాన్ దగ్గరికే నేనూ వెళ్తున్నానని తెలిసి ఆమె ముఖం వెలిగింది. కూతురు అక్కులమ్మ హిందూపురంలోనే ఉందట. బట్టల ఫ్యాక్టరీలో పని. బాబ్జాన్ ఇటుకల యార్డు పక్కనే గది తీసుకుని ఉంటోందట. ఆడ అడిగితే చెప్తారంటూ చెనిక్కాయల ఉండలు గుడ్డలో మూటగట్టి ఇచ్చింది.

"మిషను ముందర నీడపట్టున కూర్చోని చేసే పనమ్మా. వాళ్ళ నాయన పోయినంక నాకు చేతిలో చెయ్యి వేసి చెప్పింది, పొడి కాడికి ఎప్పుడూ పోనని. మాట నిలబెట్టుకునింది."

హిందూపురం: పొంగే పిండి

హిందూపురంలో బజారంతా చింతపండు, బెల్లం వాసన. అంగడాయన నాతో తెలుగులో, పక్కవాడితో కన్నడంలో, ఇద్దరితోనూ ఒకే వాక్యంలో మాట్లాడేస్తున్నాడు. లాడ్జి గదిలో ఒక బకెట్టు నీళ్ళు పెట్టి, "రేపు సాయంత్రం దాకా ఇదే మేడం" అన్నారు.

బాబ్జాన్ యార్డు ఊరి బయట ఉంది. ఆయన సన్నగా, పొడుగ్గా, నలభై అయిదేళ్ళ మనిషి. రామక్క ఊరి మిల్లులోనే ఫిట్టరుగా చేసేవాడట. "మా తమ్ముడు కూడా ఆడే పోయినాడు మేడం" అన్నాడు, నేను అడగకముందే. తర్వాత బెంగుళూరులో వెల్డింగు పనికి పోయి, అక్కడ ఒక పెద్ద కట్టడంలో తేలిక ఇటుకలు చూశాడు. వాటిలో ఉన్నది ఇసుక పిండేనని తెలిశాక కుప్ప గుర్తొచ్చింది. "ఆ కుప్పను యాడనో ఒక చోట కరగబెట్టల్ల అనుకున్యా. గోడలైతే మంచిది కదా. మళ్ళ ఎవురి ముక్కులోకీ పోదు."

పని చూపించాడు. పలుగురాయి పొడి, నూనెమిల్లు బాయిలరులో కాల్చిన చెనిక్కాయ పొట్టు బూడిద, సున్నం, కొంచెం సిమెంటు వేడినీళ్ళతో కలుపుతారు. చివర్లో వెండిలా మెరిసే అల్యూమినియం పొడి చిటికెడు వేస్తారు. ఇనప పెట్టెలో సగానికి పోస్తే, మనం చూస్తుండగానే ఇడ్లీపిండి లాగా పొంగి పెట్టె అంచు దాటుతుంది. లోపలంతా బుడగలు. గట్టిపడుతుండగా తీగతో ముక్కలు కోసి, ఆవిరి గదిలో ఉడకబెడతారు. నేను ఏళ్ళ తరబడి పాఠంలో చెప్పింది కళ్ళముందు పొంగుతుంటే సంబరమేసింది. తేలడం చూస్తానన్నాను. బకెట్లో వేసి చూపించాడు. తేలింది. తర్వాత ఆ బకెట్టు నీళ్ళను జాగ్రత్తగా డ్రమ్ములో పోసి మూత పెట్టాడు.

"పొడి ఎక్కడ జల్లిస్తారు?" అని అడిగాను.

ఆయన డ్రమ్ము మూత నొక్కుతూ, "వెనకాల" అన్నాడు.

వెనకాల రేకుల షెడ్డు. మూడువైపులా గోనెపట్టాలు. లోపల అడుగుపెడితే ముందు ఏమీ కనిపించలేదు. తెల్లటి మబ్బులో నలుగురైదుగురు ఆడవాళ్ళు ముఖాలకు చీరచెంగులు చుట్టుకుని పెద్ద పెద్ద జల్లెళ్ళు ఊపుతున్నారు. నాకు రెండు నిమిషాల్లో గొంతు పట్టేసింది. బయటికి వచ్చి, అక్కులమ్మ అనే అమ్మాయి గది ఎక్కడని అడిగాను. వాళ్ళ అమ్మ ఉండలు పంపిందన్నాను.

షెడ్డులోంచి ఒకమ్మాయి బయటికి వచ్చింది. కనురెప్పల వెంట్రుకలు కూడా తెల్లగా ఉన్నాయి.

"నేనే అక్కా" అంది.

చెంగు విప్పి, చెయ్యి చీరకు తుడుచుకుని, నిలబడే ఒక ఉండ తినేసింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయేమో. తింటూనే దగ్గింది. ఆ దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని దగ్గింది.

"బట్టల ఫ్యాక్టరీలో చేస్తున్నావని మీ అమ్మ..."

"చేసినా అక్కా, కొన్నాళ్ళు. దగ్గుతాండావు, పక్కన కూర్చునేవాళ్ళు ఒప్పుకోరు అని తీసేసిరి. కుప్ప పక్కనే కదా పుట్టింది, దగ్గు రాకుండా యాడికి పోతాది? ఈడ ఎవురూ అడగరు. ఈడ అందరూ దగ్గుతాండారు." నా చెయ్యి పట్టుకుంది. "అమ్మను సూస్తే బాగుండాదని చెప్పు. ఇది మాత్రం చెప్పొద్దక్కా. ఆయమ్మ తట్టుకోలేదు."

నేను బాబ్జాన్ వైపు తిరిగాను. నాకు కోపంగానే ఉంది. "తమ్ముణ్ణి పోగొట్టుకున్నవారు. తెలిసి కూడా పొడిగా జల్లింపిస్తున్నారా?"

"తెల్దా మేడం నాకు? తడిపి, వడగట్టి చేస్తే దుమ్ము లేవదు. మొదట్లో అట్లనే చేస్తాంటిమి. బోరు ఎండిపాయె. ఇప్పుడు ట్యాంకరు ఎప్పుడొస్తే అప్పుడు. ఆ నీళ్ళు పొడికి పోస్తే ఇటుక ఉడికేకి ఉండవు. ఇటుకకు పోస్తే వీళ్ళకుండవు. ఇటుక ఉడకకపోతే పెళుసుబారి పగులుతాది, కొనేవాడు రాడు. వీళ్ళను పొమ్మంటే పోరు. మీరే చెప్పండి, ఏం చేయల్ల?"

 స్కూలు ఆర్డరు సంగతి ఆలోచించుకుని చెబుతానని వచ్చేశాను.

మళ్ళీ రామక్క ఇంటికి

మర్నాడు పొద్దున పెనుకొండ దగ్గర దిగకుండా పోదామనే అనుకున్నాను. బస్సు ఆగింది. దిగాను.

రామక్క వాకిట్లోనే ఉంది. "సూసినావా? ఎట్లుండాది? చిక్కిందా?"

"ఉండలు తిన్నది" అన్నాను.

"మిషను కాడ సూసినావా, గదిలోనా?"

బాగుందని చెప్పి వచ్చేద్దామనే దారంతా అనుకున్నాను. ఆమె కళ్ళలోకి చూస్తూ ఆ మాట నోటికి రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె లోపలికి వెళ్ళి పొయ్యిలో నిప్పు ఆర్పింది. తాళం వేసింది. పదమ్మా అంది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. సగం దారిలో ఒకటే మాట అడిగింది.

"జల్లెడ పడతాందా, తట్టలెత్తుతాందా?"

"జల్లెడ."



షెడ్డు దగ్గర

తల్లిని చూడగానే అక్కులమ్మ లేచి నిలబడింది. నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపును నేను తట్టుకోలేక తల దించుకున్నాను.

"పద ఇంటికి" అంది రామక్క.

"ఇంటికొచ్చి ఏం తినల్ల మా? కుప్ప తిందామా? వాన లేదు, సేను లేదు, కూలి లేదు. ఈడ వారం వారం చేతికి దుడ్లొస్తాండాయి. నేను పంపేదాంతోనే కదా నువ్వు సంగటి కెలుకుతాండేది?"

రామక్క కాసేపు కూతురి తల మీది పొడి దులుపుతూ నిలబడింది. తర్వాత వంగి ఆమె ముందున్న జల్లెడ తీసుకుంది.

"అయితే నువ్వు బయట ఉడికిన ఇటుకలు పేర్చుపో. ఆడ గాలి ఉండాది. ఇది నేను పడతా."

"అక్కా, వద్దు" అని బాబ్జాన్ అడ్డం వచ్చాడు. "నీ ఇంటాయనతో కలిసి పని చేసినోణ్ణి. నీ చేతికి జల్లెడ ఎట్ల ఇస్తును?"

"నా బిడ్డ చేతికి ఇస్తివి కదప్పా" అంది రామక్క. గొంతు పెంచలేదు. "నీకు మనిషి కావాల. ఎవురైతే ఏం? నా రొమ్ములో ఆ పొడి ఎప్పుడో సగం నిండింది. దాని రొమ్ములో ఇంగా సోటుండాది."

అక్కులమ్మ జల్లెడ లాక్కోబోయింది. తల్లి వదల్లేదు. ఇద్దరి మధ్యా జల్లెడ ఊగి, అందులోని పొడంతా ఇద్దరి మీదా పడింది. ఇద్దరూ దగ్గారు. మొదట దగ్గు ఆపుకున్నది తల్లే. చెంగు ముక్కుకు చుట్టుకుని కూతురి చోట్లో కూర్చుంది. మిగతా ఆడవాళ్ళు కొంచెం జరిగి ఆమెకు చోటిచ్చారు.

నేను బాబ్జాన్‌తో అక్కడికక్కడే చెప్పాను. మా ఆర్డరు ఇస్తాం, కానీ పొడి మొత్తం తడిపే చేయాలి, ట్యాంకరు నీళ్ళ ఖర్చు మేం వేరే ఇస్తాం అని. ఇంకా కమిటీని అడగనేలేదు, అయినా అన్నాను. ఆయన ఒప్పుకున్నాడు. ఆ మాట రామక్కకు చెబుదామని షెడ్డు గుమ్మం దగ్గరికి వెళ్ళాను.

ఆమె విని తలూపింది. "నువ్వు గోడలు సూసుకునేకి వచ్చినావు కదమ్మా. బాగుండాయా?"

"బాగున్నాయి."

"అయితే ఇంగ పో. బస్సు పోతాది."

ఇంటికి వచ్చాక

కమిటీకి జరిగినదంతా చెప్పాను. కాసేపు అందరూ అయ్యో అన్నారు. తర్వాత నీళ్ళ ఖర్చు దగ్గర వాదన మొదలైంది. "ఇటుకలు కొంటున్నామా, నీళ్ళు కొంటున్నామా?" అన్నాడొకాయన. నీళ్ళు లేకపోతే ఆర్డరు కాగితం మీద నా సంతకం ఉండదన్నాను. గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు. దసరా తర్వాత లారీ వచ్చింది. పదో తరగతి ఆడపిల్లలు కూడా తలో రెండు ఇటుకలు ఎత్తి ఆశ్చర్యపోయారు. గోడలు చకచకా లేచాయి. తర్వాతి ఎండాకాలం నేల నెర్రెలిచ్చినా గదులు పగల్లేదు. మా వైపు ఇంకో రెండు ఊళ్ళవాళ్ళు వచ్చి చూసి, చిరునామా రాసుకుని వెళ్ళారు.

వాళ్ళు గదులు చూసిన రోజు సాయంత్రం ఎస్టీడీ బూత్ నుంచి బాబ్జాన్‌కు ఫోన్ చేశాను. గదులు నిలబడ్డాయన్నాను. ఆయన చాలా సంతోషించాడు.

"మీ లోడంతా తడిపే చేసినాం మేడం. దుమ్మనేది లేవలేదు. ఆ కొన్నాళ్ళు రామక్క మూతికి గుడ్డ కూడా కట్టుకోలేదు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు బెంగుళూరు లోడు నడుస్తాండాది. వాండ్లు నీళ్ళకు దుడ్లు ఇయ్యరు మేడం."

అక్కులమ్మ ఎలా ఉందని అడిగాను. బయట ఇటుకలు పేరుస్తోందని, దగ్గు మాత్రం తగ్గలేదని చెప్పాడు.

"మరి రామక్క?"

"లోపలుండాది. పిలవమంటారా?"

ఫోన్లోంచి ఏదో యంత్రం తిరుగుతున్న శబ్దం వినిపిస్తోంది. పిలిస్తే ఏం మాట్లాడాలో నాకు తోచలేదు. వద్దన్నాను.